జొన్నకూటి పూర్వచరిత్ర: సోలాపురపు తెలుగువారి భోజనము - పడమటి ఆఫ్రికా భోజనము

రాజ్యములేలినవారి చరిత్రకు శాసనములు, నాణెములు, కోటగోడలు ఆధారములుగా నిలుచును. మగ్గముమీద బ్రదికినవారికి అట్టి ఆధారములు తక్కువ. వారి పూర్వకథ చేతిపనిలోను, నోటిమాటలోను, దినదినము తినెడి కూటిలోను దాగియుండును. సోలాపురపు తెలుగువారి కూటిని ఆధారముగా గొని వారి పూర్వకథలో ఒక భాగమును పరిశీలించుట ఈ వ్యాసమున కుద్దేశము. ఆ పరిశీలన జోడ్‌భావి పేటలో మొదలై, తెలంగాణపు మెట్టచేల మీదుగా సాగి, సముద్రము దాటి ఆఫ్రికాఖండమున నైజరునదీ తీరమునకు చేరును. ఇంత దూరపు చుట్టరికము మొదట వింతగా తోచును. కాని జొన్న, సజ్జ, బొబ్బర, పుంటికూర అను నాలుగింటి పుట్టుకను విచారించినవారికి ఆ వింత తీరిపోవును.

1. జొన్న తినెడి నేతగాండ్రు

జోడ్‌భావి పేట పేరులోని జోడు, బావి అను రెండు మాటలును తెలుగువాడు వెంటనే గుర్తింపగలవే. ఆ పేటలోను, పొరుగు వాడలలోను పద్మశాలి కుటుంబములు తరతరములుగా నివసించుచున్నవి. వారిలో పెక్కుమంది పూర్వులు నిజాము రాజ్యమందలి తెలంగాణ జిల్లాలనుండి 19వ శతాబ్దిలోను, 20వ శతాబ్ది పూర్వార్ధములోను వచ్చినవారు. 1860లో రైలుమార్గము సోలాపురమునకు చేరెను. 1870ల దశకములో మొదటి నూలుమిల్లు వెలసెను. నూలు సులభముగా దొరకుటకును, నేసిన బట్ట దూరపు సంతలకు పోవుటకును ఇవి తోడ్పడినవి. వచ్చినవారు మగ్గమును, మార్కండేయుని భక్తిని, బతుకమ్మను, తెలుగుపలుకును వెంట తెచ్చుకొనిరి. పట్టణమున మరాఠీ, కన్నడము, ఉర్దూ నేర్చుకొనవలసి వచ్చెను. కూటి విషయమున మాత్రము క్రొత్తగా అలవరచుకొనవలసినది కొంచెమే. విడిచి వచ్చిన యూళ్లలోను జొన్నయే ప్రధానాహారము. చేరిన యూరిలోను జొన్నయే.

సోలాపురము జిల్లాలోని లోతైన నల్లరేగడి నేల యాసంగి జొన్నకు పుట్టినిల్లువంటిది. వానలు వెనుకపట్టునప్పుడు, సెప్టెంబరు అక్టోబరు నెలలలో విత్తిన పైరు నేలలో నిలిచిన తేమతోనే పెరిగి, ఫిబ్రవరి మార్చి నెలలలో కోతకు వచ్చును. ఈ ప్రాంతపు మాల్‌దాండి జొన్న దేశమంతట పేరెన్నికగన్నది. మోహోళు పరిశోధన క్షేత్రములో దానినుండి ఎన్నిక చేసిన ఎం 35-1 అను రకము నేటికిని రైతుల చేలలో నిలిచియున్నది. మంగళవేఢె జొన్నకు 2016లో భౌగోళిక గుర్తింపు లభించెను.

ఆ జొన్నయే భాకరియై పీటమీదికి వచ్చును. జొన్నపిండికి గోధుమపిండివలె సాగెడి గుణము లేదు. కనుక వేడినీటితో పిసికి, అరచేతితో తట్టి రొట్టె చేయవలెను. పలుచగా తట్టి, బాగుగా ఎండునట్లు కాల్చిన కడక్ భాకరి అనేక దినములు చెడక నిలుచును. పగలంతయు మగ్గముకడనో, బీడీలు చుట్టుటలోనో గడపెడి కుటుంబములకు అట్టి నిలువ రొట్టె ఎంత అనుకూలమో చెప్పనక్కరలేదు. దానితోడ శేంగా చట్నీ, అనగా వేరుసెనగపొడి, ఉండనే యుండును. తెలంగాణమున జొన్నరవ్వను ఉడికించి చేసెడి గట్క, జొన్నపిండితో కాచి మజ్జిగ కలిపెడి అంబలి ఇంటింటి వాడుక. చలికాలమున లేతకంకులను కాల్చి నలిపి తినెడి దానిని మరాఠీవారు హురడా అందురు, తెలుగున ఊచబియ్యము.

2. పడమటి ఆఫ్రికావారి కూడు

ఇక రెండవ తీరమును చూతము. పడమటి ఆఫ్రికా అనగా సెనెగలు, మాలీ, నైజరు, ఘానా, నైజీరియా మున్నగు దేశముల సమూహము. అందు ఉత్తరముననున్న సహేలు మండలము ఎడారి యంచున గల మెట్టభూమి; వాన కొంచెము, ఎండ మిక్కుటము. దక్షిణమున సముద్రము దెస దట్టమైన అడవులు. భోజనమును ఈ రెండుగానే విడిపోయినది. అడవిమండలమున పెండలము, అరటి, కర్రపెండలము ప్రధానములు. ఉడికించిన దుంపలను పెద్దరోటిలో దంచి మెత్తని ముద్దగా చేసి పులుసుతో తినుదురు. ఘానావారు దానిని ఫుఫు అందురు. నైజీరియాలోని ఇగ్బోజాతివారు ఏటేట క్రొత్త పెండలపుపండుగ చేసికొందురు. ఆ పండుగకు మునుపు క్రొత్తదుంప ముట్టరాదు. మన పల్లెలలోని క్రొత్తలపండుగవంటిదే ఇదియును.

మనకు మరింత చేరువైనది సహేలు భోజనము. అక్కడి హౌసాజాతివారి నిత్యాహారము తువో. నీటిని మరిగించి, జొన్నపిండినిగాని సజ్జపిండినిగాని కొంచెము కొంచెముగా వేసి, కర్రతెడ్డుతో బలముకొలది కలియబెట్టి, గట్టిపడిన పిదప గుండ్రని ముద్ద చేయుదురు. గట్క, సంకటి ఎరిగినవారికి ఇంతకుమించిన వివరణ అనవసరము. తువోను మియా అనబడు కూరపులుసుతో తినుదురు. ఆ పులుసు బెండకాయతోనో, ఎండబెట్టి పొడిచేసిన బావోబాబు ఆకుతోనో, పుంటికూరతోనో వండబడును. సజ్జపిండి ఉండలను ఉడికించి, పులిసిన పాలలో చిదిమి త్రాగెడి ఫురా పశువులకాపరులకు బాటబత్తెము. సజ్జపిండి జావలో చింతపండుపులుసు కలిపినచో అది కునున్ త్సామియా. త్సామియా అనగా చింత.

అక్కడ నూనెలో వేచెడి అకరా అను వంటకము మిక్కిలి ప్రసిద్ధము. బొబ్బరలు నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, ఉల్లిపాయ మిరపకాయ చేర్చి గారెలవలె కాల్చుదురు. తెలంగాణపు బొబ్బరగారెకును, యోరుబావారి అకరాకును నూనెలో తప్ప భేదము స్వల్పము; అక్కడివారు తాటిజాతికి చెందిన ఎఱ్ఱని తైలమును ఎక్కువగా వాడుదురు. బానిసలుగా అమెరికాకు కొనిపోబడినవారితో ఈ వంటకము సముద్రము దాటి, బ్రెజిలు దేశపు బాహియా రాష్ట్రమున అకరజె అను పేర నిలిచినది. కాళ్లకు సంకెలలు వేసి తరలింపబడినవారును తమ వంటను మరువలేదు. ఘానాలో బియ్యము, బొబ్బరలు కలిపి వండెడి వాచే అనునది మన పులగమునకు దగ్గర. అందు జొన్నమొక్క ఆకుతొడిమలను వేసి ఉడికించుటచే అన్నమునకు ఎఱ్ఱని రంగు వచ్చును.

3. ఇరువైపుల చూచిన బాటసారి

ఈ రెండు దేశముల కూటిని స్వయముగా చూచి వ్రాసియుంచిన ప్రాచీన యాత్రికుడు ఒకడు కలడు. మొరాకో దేశస్థుడైన ఇబ్న్ బతూతా 1330ల దశకమున ఢిల్లీకి వచ్చి, తుగ్లకు సుల్తాను కొలువున న్యాయాధికారిగా నుండెను. తరువాత దక్కనులోని దౌలతాబాదును గూడ దర్శించెను. పిమ్మట 1352-53 సంవత్సరములలో సహారా ఎడారి దాటి మాలీసామ్రాజ్యమునకు పోయెను.

మాలీలో బాటసారి కూడు మోసికొనిపోనక్కరలేదని అతడు వ్రాసినాడు. ఉప్పుగడ్డలు, గాజుపూసలు, సుగంధద్రవ్యములు వెంటనున్న చాలును. గ్రామము చేరగానే స్త్రీలు చిరుధాన్యములు, పాలు, కోళ్లు, బియ్యము, బొబ్బరపిండి తెచ్చి యిత్తురట. దంచిన ధాన్యమున తేనెయు పాలును కలిపి సొరకాయబుఱ్ఱ చెక్కలో తన కిచ్చిరని మరియొకచోట చెప్పినాడు. రొట్టెను చిదిమి బెల్లము కలిపి బతుకమ్మకు మలీద చేసెడివారికి ఇది తెలియని రుచి కాదు. రాజు పంపిన స్వాగతసత్కారము మూడు రొట్టెలు, వేచిన మాంసము, ఒక బుఱ్ఱలో పెరుగు మాత్రమేయని చూచి అతడు నవ్వుకొనెను. అతడు గౌరవవస్త్రములును, ధనమును ఆశించియుండెను. హిందూదేశపు పంటల పట్టికలోను అతడు లూబియా అను గింజను చేర్చినాడు. అదియే బొబ్బర.

నేతవారు గుర్తుంచుకొనదగిన సంగతి మరియొకటి అతని గ్రంథమున కలదు. మాలీ త్రోవలో వందలయేండ్లనాటి మహావృక్షములు ఉండెను. బావోబాబులని పండితులు గుర్తించిన ఆ చెట్లలో ఒకదాని బోదె తొఱ్ఱవడియుండగా, ఒక నేతగాడు ఆ తొఱ్ఱలోనే మగ్గము నెలకొల్పి బట్ట నేయుచుండెనట. చూచి తాను ఆశ్చర్యపడితినని ఇబ్న్ బతూతా చెప్పినాడు. గోలకొండ నయాఖిల్లాలో హాతియాన్ ఝాడ్ అని పిలువబడు బ్రహ్మాండమైన చెట్టు ఆ ఆఫ్రికావృక్షజాతికి చెందినదే. ఇరుకైన చోటనే మగ్గమునకును, పొయ్యికిని తావు చూచుకొనెడి నేతగాని బ్రతుకు ఆరువందలయేండ్ల క్రిందట, అంత దూరమునను, అట్లే యుండెను.

4. గింజల పుట్టినిండ్లు

ఇంతటి పోలిక ఎట్లు కలిగినది? త్రవ్వకములలో దొరకిన గింజలను పరిశీలించు విద్య ఇందులకు ఉత్తర మిచ్చుచున్నది. జొన్నను మనుష్యుడు సాగుచేయ నారంభించిన గుర్తులు ఆఫ్రికాలోని తూర్పు సూడాను ప్రాంతమున, క్రీ.పూ. 3000కు పూర్వపు మట్టిపెంకులపై దొరకినవి. సజ్జ మాలీ దేశపు ఉత్తరభాగమున, టిలెమ్సి లోయలో, క్రీ.పూ. 2500 ప్రాంతమునకే సాగులో నుండెను. బొబ్బర పడమటి ఆఫ్రికా పంట. ఘానాలోని కింటాంపో నాగరికతకు చెందిన ప్రదేశములలో దాని గింజలు క్రీ.పూ. రెండవ సహస్రాబ్దికి చెందినవి లభించినవి. రాగి తూర్పు ఆఫ్రికా మిట్టలలో పుట్టినది. గోంగూర, పుంటికూర అని మనము పిలుచు పుల్లనాకుల మొక్కలును ఆఫ్రికాఖండమునవే. అనుము, చిక్కుడులకు గూడ మూలము అదియే.

ఇవి అరేబియా తీరముల మీదుగా, సముద్రపు త్రోవను, నాలుగువేల యేండ్లకు అటు నిటుగా హిందూదేశమునకు చేరినవి. తుంగభద్రా తీరమున, కర్ణాటకలోని హళ్లూరులో క్రీ.పూ. 1500 ప్రాంతపు సజ్జగింజలు దొరకినవి. అంతకు పూర్వము దక్షిణాపథపు రైతులు ఏమి తినుచుండిరి? అండుకొఱ్ఱ మొదలగు చిఱుగింజలును, ఉలవ, పెసరలును. వానిచెంత ఆఫ్రికాగింజలు చేరి, తమ దిగుబడిచేతను, అనావృష్టిని తట్టుకొనెడి శక్తిచేతను క్రమముగా పైచేయి గైకొన్నవి. తెచ్చినవారెవరో, ఓడ నడపినవారెవరో వారి పేళ్లు నిలువలేదు, గింజ నిలిచినది.

గింజలు వచ్చినను వంట అట్లే రాలేదు. ఆఫ్రికావారు పిండిని కుండలో ఉడికించి ముద్ద చేసిరి. దక్కనువారు ముద్దయు చేసిరి, పెనముమీద రొట్టెయు తట్టిరి. సాగని పిండిని లోబరచుకొనుటకు వారికి తెడ్డు, వీరికి వేడినీరును అరచేయియు సాధనములైనవి. అయితే ఒక సూక్ష్మము రెండుచోట్లను సమానము. జొన్నచేలో బొబ్బరను అంతరపంటగా వేయుట నైజీరియాలోను, దక్కనులోను కలదు. కాయజాతి మొక్క నేలకు సత్తువ నిచ్చును. దాని గింజలోని మాంసకృత్తులు జొన్నలోని లోపమును పూరించును. ఈ శాస్త్రము పుట్టకమునుపే ఇరుదేశముల రైతులును జొన్నముద్దకు బొబ్బరను జోడించిరి.

5. పేళ్లు చెప్పెడి సాక్ష్యము

వస్తువు వచ్చిన కాలమును దాని పేరు కొంతవరకు తెలుపును. క్రొత్తగా వచ్చిన దానికి జనులు పాతపేరును తగిలించి పిలుతురు. అమెరికాఖండములనుండి పోర్చుగీసువారి ఓడలలో 16వ శతాబ్ది మొదలుకొని వచ్చినవానిని చూడుడు. నేలలో కాచినది కనుక వేరుసెనగ. కాండము కఱ్ఱవలె నున్నది కనుక కర్రపెండలము. మిరియమువలె కారముగా నున్నది మిరప. మొక్కజొన్నలోను జొన్న వినబడుచునే యున్నది. హౌసాభాషలో మొక్కజొన్నకు మసారా అని పేరు. అది మిసరుదేశపు పేరునుండి వచ్చినదని భాషాశాస్త్రజ్ఞుల అభిప్రాయము.

జొన్న, సజ్జ, బొబ్బర, పుంటి అను మాటలలో అట్టి అతుకు కనబడదు. అవి పూర్తిగా ఇంటిమాటలైపోయినవి. పొరుగుభాషలతో పోల్చిచూచిన వాని ప్రాచీనత మరింత స్పష్టమగును. తెలుగు సజ్జకు కన్నడమున సజ్జె; తెలంగాణపు పుంటికి ఉత్తరకర్ణాటకమున పుండి; అలసందకు కన్నడమున అలసందె. సోలాపురపు సంతలో ఈ వస్తువులు జ్వారీ, జోళ, జొన్న అనియు, అంబాడి, పుండి, పుంటి అనియు ముమ్మాటలతో అమ్ముడుపోవును. సహేలు సంతలో అవే వస్తువులు దావా, గేరో, వాకే, యాకువా అను పేళ్లతో అమ్ముడుపోవుచున్నవి. సాగుచేసి, వండి, పిల్లలకు తినిపించి, తన నుడిలో పేరు పెట్టుకొన్న జాతికి ఆ గింజ తనదే. ఈ న్యాయము గింజలకు ఎట్లో, వలసవచ్చిన జనులకు నట్లే. ఒకటి రెండు శతాబ్దములుగా సోలాపురమున బట్టనేసి, మార్కండేయుని రథము లాగి, భాకరి తట్టిన తెలుగువారిని పరాయివారనుట, జొన్నను పరాయిగింజ యనుటవంటిది.

6. గింజయు బట్టయు

నేతగానికి ధాన్యముతో రెండు విధముల సంబంధము కలదు. ఒకటి కడుపు, రెండవది పడుగు. పడుగుదారము తెగకుండుటకు ధాన్యపుపిండితో కాచిన గంజి పట్టింపవలెను. ఇంతకంటె లోతైన సంబంధము సంతలో కలదు. చీరె కొనువాడు రైతు. జొన్న పండినయేట రైతు చీరె కొనును, ఎండినయేట కొనడు. కనుక కరవువచ్చినప్పుడు గింజ ధర పెరుగుటయు, బట్టకు గిరాకి పడిపోవుటయు ఒకేసారి సంభవించి నేతగానిని రెండుప్రక్కల నొత్తును. 1876-78, 1896-97, 1899-1900 సంవత్సరముల కరవులు సోలాపురమును, పరిసర జిల్లాలను ఈ విధముగానే పీడించినవి. ఇదే జిల్లాలోని మంగళవేఢెలో, బహమనీల కాలమున, దామాజీపంతు కరవునాడు ప్రభువుల ధాన్యపుకొట్లు తెరచి జనులకు పంచెనను కథ మహారాష్ట్రమంతట భక్తితో చెప్పుకొనబడుచున్నది. ఈ నేలమీద జొన్నకొట్టు తెరచిన వానికి మించిన పుణ్యాత్ముడు లేడని జనుల తీర్పు. సహేలు ప్రజలును 1970ల దశకమున, 1980ల దశకమున ఘోరమైన అనావృష్టిని అనుభవించిరి. అక్కడను సజ్జకొట్టు ఖాళీయైననాడే కరవు కరవైనది.

7. నేటి స్థితి

రెండు దేశములలోను చిరుధాన్యములు పీటనుండి వెనుకకు జరిగినవి. కారణములును పోలియున్నవి. ఫ్రెంచివారి పాలనలో ఇండోచైనానుండి నూకలబియ్యము సెనెగలునకు దిగుమతియై, తీరపట్టణములలో సజ్జకు బదులుగా అన్నము నెలకొన్నది. ఆ నూకలతో, చేపతో వండెడి చెబు జెన్ అను భోజనము నేడు ఆ దేశపు గౌరవచిహ్నము. 2021లో యునెస్కో దానిని వారసత్వపు పట్టికలో చేర్చినది. తెలుగునాట 1983 నుండి కిలో రెండురూపాయల బియ్యము పేదయింట అన్నము పెట్టినది, అది మేలే. అయినను మెట్టచేల జొన్నకు ఆనాటినుండి ఆదరము మరింత తగ్గినది. మహారాష్ట్రమునను చౌకధరల దుకాణపు గోధుమయు, బియ్యమును అట్టి మార్పునే తెచ్చినవి. జొన్నకూడు బీదరికపు గుర్తు అను భావము దీనికి తోడైనది. పలనాటి జొన్నకూటిని ఆక్షేపించిన చాటువులు శ్రీనాథుని పేర ప్రచారమున నుండుటనుబట్టి ఆ చిన్నచూపు నేటిది కాదని తెలియుచున్నది.

ఇటీవల గాలి మరలుచున్నది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా జరిపినది. సోలాపురమున యాసంగిజొన్న పరిశోధనకు ప్రత్యేక కేంద్రము కలదు. 1972లో హైదరాబాదు చెంతనున్న పటాన్‌చెరువున నెలకొన్న అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ జొన్న, సజ్జ, వేరుసెనగలపై పరిశోధన చేయుచున్నది. నైజరు దేశపు రాజధాని నియామే సమీపమునను దానికి కేంద్రము కలదు. నాలుగువేల యేండ్ల క్రిందట అటునుండి ఇటు వచ్చిన గింజకు నేడు తెలుగునేలనుండి ఆఫ్రికాకు తిరుగుబాట యేర్పడినది.

గింజకు పరిశోధనశాల రక్ష కలదు; మాటకు అట్టి రక్ష లేదు. గట్క వండని యింట గట్క అను మాటయు పోవును. ఊచబియ్యమును హురడా యనియే ఎరిగిన పిల్లవానికి ఆ వస్తువు దక్కినను, తెలుగుపేరు దక్కదు. మరాఠీపేరు నేర్చుట తప్పు కాదు, అవసరము. దానితోపాటు ఇంటిపేరును నేర్పుట పెద్దల పని. తెలుగు బడులలో పిల్లల సంఖ్య క్షీణించుచున్న ఈ కాలమున వంటయిల్లు రెండవ తెలుగుబడి. జోడ్‌భావి పేటలోని వృద్ధస్త్రీలు ఎరిగిన ధాన్యముల పేళ్లు, వంటల పేళ్లు, రోకలిపాటలు, వాడుకలోని కొలతలు మన సంఘములు వ్రాయించి భద్రపరచినచో, భావిచరిత్రకారునకు అవి శాసనములతో సమానమగును. హౌసా, యోరుబా, వోలోఫు భాషల పండితులు తమ తల్లుల వంటలను గూర్చి ఈ పనిని పూనికతో చేయుచున్నారు. మన యిండ్లలో ఆ మాటలు తెలిసినవారు ఉన్నంతలోనే మనమును ఈ పనికి పూనుకొనవలెను.